టైరుకు పేరైన పశువుల డాక్టరు – జాన్ బాయిడ్ డన్లప్ జీవితం



కొందరు గొప్పవారి పేర్లు పుస్తకాల్లో ఉంటాయి. కొందరి పేర్లు విగ్రహాల కింద ఉంటాయి. చాలా కొద్దిమంది పేర్లు మాత్రం వస్తువులకే అంటుకుపోతాయి. ఆ పేరు ఒక మనిషిదన్న సంగతి కూడా జనం మరచిపోతారు. అటువంటి పేర్లలో డన్లప్ ఒకటి. ఎడ్లబండికి ఇనుప పట్టా వేసిన కర్ర చక్రాలు పోయి రబ్బరు చక్రాలు వచ్చినప్పుడు మన పెద్దలు దాన్ని టైరు బండి అన్నారు, డన్లప్ బండి అని కూడా అన్నారు. డన్లప్ అంటే కంపెనీ పేరని అనుకునేవారే ఎక్కువ. కానీ ఆయన ఒక మనిషి. ఇంజనీరు కాదు, పశువుల డాక్టరు. పొలంలో పుట్టిన రైతు బిడ్డ.

ఈ వార్షికోత్సవ సంచికలో ఆయన జీవితం రాయాలని మేము అనుకోవడానికి కారణం ఉంది. మన అప్పనపల్లి వైనతేయ పాయ ఒడ్డున ఉంది. బాల బాలాజీ స్వామి దర్శనానికి వచ్చేవారికి ఇక్కడి గుడి, కొబ్బరి తోటలు, ఏటి గాలి కనిపిస్తాయి. ఇక్కడే ఉండి చదువుకునే మనకు ఇంకొకటి కూడా కనిపిస్తుంది. తోటల్లో నుంచి పుంత దారి మీదుగా, ఒండ్రులో, ఇసుకలో కూరుకుపోతూ రోడ్డెక్కే కొబ్బరికాయల బండ్లు. మన నాన్నలు, మామయ్యలు, హాస్టలులో చదివి వెళ్ళిన అన్నలు ఎంతోమంది ఆ బండ్ల మీదే డ్రైవర్లుగా, క్లీనర్లుగా, కాయలెత్తే కూలీలుగా బతుకుతున్నారు.

ఈమధ్య జీపులకు, పికప్ వ్యాన్లకు కంపెనీ ఇచ్చిన టైర్లు తీసేసి అంతకంటే పెద్ద టైర్లు వేయించుకోవడం కుర్రవాళ్ళలో సరదా అయింది. బండి ఎత్తుగా కనిపిస్తుంది, బురదలో దిగబడదు అంటారు. అందులో నిజం లేకపోలేదు. అయితే టైరు గురించి అడిగేవారు పదిమంది ఉంటే బ్రేకు గురించి అడిగేవారు ఒక్కరు కూడా ఉండడం లేదు. చక్రం మారిన ప్రతిసారీ దానితోపాటు ఏమేమి మారవలసి వచ్చిందో డన్లప్ కథ చెబుతుంది. అందుకే ఆయన్ని గురించి తెలుసుకుందాం.

బాల్యం – చదువు

జాన్ బాయిడ్ డన్లప్ 1840వ సంవత్సరం ఫిబ్రవరి 5వ తేదీన స్కాట్లాండు దేశంలోని డ్రెగ్‌హార్న్ అనే పల్లెలో ఒక వ్యవసాయ కుటుంబంలో జన్మించారు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ అని తల్లిదండ్రులు ఆయన్ని ఎంతో జాగ్రత్తగా పెంచారు. తాను బలహీనుణ్ణనే భావం ఆయనకు జీవితాంతం ఉండేది. అయినా ఆయన 81 ఏళ్ళు బతికారు.

పొలంలో గుర్రాలు, ఆవుల మధ్య పెరిగిన ఆ కుర్రవాడు ఎడిన్‌బరోలోని డిక్ పశువైద్య కళాశాలలో చేరి పశువుల డాక్టరు అయ్యారు. కొన్నేళ్ళు సొంత దేశంలోనే వైద్యం చేసి, 1867లో సముద్రం దాటి ఐర్లండు వెళ్ళారు. అక్కడ డౌన్‌పాట్రిక్ అనే ఊళ్ళో తన సోదరుడు జేమ్సుతో కలిసి వైద్యశాల నడిపారు. 1871లో మార్గరెట్ స్టీవెన్‌సన్‌ను వివాహం చేసుకున్నారు. వారికి ఒక కూతురు, ఒక కొడుకు. తర్వాత కుటుంబం బెల్‌ఫాస్టు నగరానికి మారింది. 1880ల నడిమి నాటికి ఆయన వైద్యశాల ఐర్లండులోని పెద్ద పశువైద్యశాలల్లో ఒకటి అయింది.

ఆ రోజుల్లో బరువు లాగేది గుర్రమే. రాళ్ళు పరచిన వీధుల్లో ఇనుప పట్టాల చక్రాలు దడదడలాడుతూ పోయేవి. అటువంటి బండ్లు లాగే గుర్రాలకు వైద్యం చేయడమే డన్లప్ వృత్తి. ఆ వృత్తిలో అవసరమైన రబ్బరు వస్తువులు కొన్నింటిని ఆయన తన చేతులతోనే తయారు చేసుకునేవారు. రబ్బరును కోయడం, అతికించడం, గాలి పోకుండా చూడడం ఆయనకు అలా అలవాటైంది. ఆయన చక్రాల శాస్త్రం చదవలేదు. చేతికి వచ్చిన పనినే ముందుకు తీసుకువెళ్ళారు.

కొడుకు మూడు చక్రాల సైకిలు

ఆయన కొడుకు జానీకి అప్పుడు పదేళ్ళ లోపు వయసు. వాడికి ఒక మూడు చక్రాల సైకిలు ఉండేది. దాని చక్రాలు గట్టివి. రాళ్ళ వీధిలో తొక్కితే ఒళ్ళంతా కుదుపే. కొడుకు బాధ చూసి తండ్రి ఆలోచనలో పడ్డారు.

1887 అక్టోబరులో ఆయన ఇంటి పెరట్లో ఒక ప్రయోగం చేశారు. సుమారు 96 సెంటీమీటర్ల అడ్డకొలత గల ఒక చెక్క పలకను గుండ్రంగా తయారు చేశారు. పలుచని రబ్బరు రేకుతో గొట్టం చేసి, దాన్ని ఆ చెక్క అంచు చుట్టూ గుడ్డతో బిగించి మేకులు కొట్టారు. గొట్టంలోకి గాలి ఎక్కించారు. ఆ తర్వాత కొడుకు సైకిలు చక్రం ఒకటి ఊడదీసి, రెండింటినీ పెరట్లో దొర్లించారు. సైకిలు చక్రం కొంతదూరం పోయి పడిపోయింది. గాలి చక్రం పెరడు చివరిదాకా దొర్లి, గేటు స్తంభానికి కొట్టుకుని వెనక్కి ఎగిరింది.

మిత్రులారా, ఈ చిన్న ప్రయోగంలో రెండు పాఠాలు ఉన్నాయి. మొదటిది అందరికీ తెలిసినదే. గాలి చక్రం రాయిని ఎక్కి దిగదు, రాయినే తనలోకి ఇముడ్చుకుంటుంది. కుదుపులో వృథా అయ్యే బలం ముందుకు నడవడానికి మిగులుతుంది. అందుకే తేలికగా దొర్లుతుంది. రెండో పాఠాన్ని చాలామంది గమనించరు. తేలికగా దొర్లే చక్రం తనంతట తాను ఆగదు. ఇనుప చక్రాన్ని నేల ఆపింది. గాలి చక్రాన్ని ఆపడానికి గేటు స్తంభం కావలసి వచ్చింది.

డన్లప్ కొడుకు సైకిలు వెనుక చక్రాలకు గాలి టైర్లు తొడిగారు. 1888 ఫిబ్రవరి చివర్లో జానీ దాన్ని తొక్కి చూశాడు. ఆ తర్వాత పెద్ద సైకిళ్ళకు సరిపోయే టైర్లు చేసి మైదానంలో పరీక్షించారు. 1888 డిసెంబరు 7న ఆయనకు పేటెంటు మంజూరైంది.

లావు టైరుకు చోటు లేదు

కొత్త టైరు వచ్చింది. కానీ దాన్ని ఏ సైకిలుకు తొడగాలి? అప్పటి సైకిళ్ళకు వేలెడు మందం గట్టి రబ్బరు మాత్రమే ఉండేది. ఫోర్కు సందు కూడా దానికి తగ్గట్టు సన్నగా ఉండేది. గాలి టైరు ఆ సందులో పట్టలేదు. అందుచేత బెల్‌ఫాస్టులోని ఎడ్లిన్ అనే సైకిళ్ళ తయారీదారులు వెడల్పు ఫోర్కు పెట్టి ప్రత్యేకంగా ఫ్రేములు కట్టారు. నేడు పికప్ బండికి లావు టైరు వేస్తే స్టీరింగు తిప్పినప్పుడు మడ్‌గార్డుకు రాసుకుంటుందని మెకానిక్కులు చెప్పే సమస్య డన్లప్ మొదటి టైరుతోనే పుట్టిందన్న మాట.

ఆ సైకిలు కొన్న మొదటి వ్యక్తి విల్లీ హ్యూమ్. బెల్‌ఫాస్టులోని ఒక సైకిలు క్లబ్బుకు కెప్టెన్. 1889 మే 18న క్వీన్స్ కాలేజీ ఆటల పోటీలకు ఆయన ఆ సైకిలుతో వచ్చారు. ఉబ్బిన ఆ చక్రాలను చూసి జనం నవ్వారు. పోటీలు ముగిసేసరికి నాలుగు సైకిలు పందాల్లోనూ ఆయనే గెలిచారు. కొద్ది రోజులకే ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో ఒక్కటి తప్ప అన్ని పందాలూ గెలిచారు. ఓడిపోయినవారిలో ఐర్లండు సైకిలు సంఘం అధ్యక్షుడు హార్వే డ్యూ క్రాస్ కొడుకులు కూడా ఉన్నారు. కొడుకుల ఓటమికి కారణం కాళ్ళలో లేదని, చక్రంలో ఉందని ఆ తండ్రి గ్రహించారు. ఆ ఏడాదే డబ్లిన్ నగరంలో ఆయన ముందుండి నడిపిన కంపెనీతో టైర్ల వ్యాపారం మొదలైంది. డన్లప్ తన హక్కులను కొంత నగదుకు, కొద్దిపాటి వాటాలకు ఆ కంపెనీకి ఇచ్చివేశారు.

పేటెంటు పోయింది

ఇంతలో పెద్ద దెబ్బ తగిలింది. పేటెంటు వచ్చిన రెండేళ్ళకు అది చెల్లదని తేలింది. కారణం ఏమిటంటే, డన్లప్ కంటే 40 ఏళ్ళ ముందే రాబర్ట్ విలియం థామ్సన్ అనే మరొక స్కాట్లాండు వ్యక్తి గాలి చక్రానికి పేటెంటు పొంది ఉన్నారు. 1846లో ఫ్రాన్సులోను, 1847లో అమెరికాలోను ఆయన పేరిట అది నమోదైంది. రబ్బరు పూసిన గుడ్డ గొట్టానికి తోలు తొడుగు వేసి గుర్రపు బండ్లకు అమర్చి, లండన్ పార్కులో చూపించారు కూడా. కానీ అప్పటికి సైకిళ్ళూ లేవు, కార్లూ లేవు. కొనేవారు లేక ఆ ఆలోచన మూలన పడింది. డన్లప్‌కు ఆ సంగతి తెలియదు.

థామ్సన్ జీవితంలో మనకు సంబంధించిన ముక్క ఒకటి ఉంది. 1860ల చివర్లో ఆయన ఆవిరితో నడిచే రోడ్డు ఇంజనుకు చాలా మందమైన గట్టి రబ్బరు టైర్లు వేశారు. బరువైన ఇనుప చక్రం మెత్తని నేలలో దిగబడుతుంది, వెడల్పైన రబ్బరు పైన తేలినట్టు పోతుంది. 1870ల మొదట్లో క్రాంప్టన్ అనే ఇంజనీరు అటువంటి ఇంజన్లను మన దేశానికే తెప్పించి పంజాబులో నడిపి చూశారు. దారి లేని చోట లావు టైరు వేయాలనే ఆలోచనకు అంత వయసు ఉంది.

పేటెంటు పోయినా కంపెనీ మునగలేదు. డన్లప్ మొదటి టైరును రిమ్ముకు అంటించేవారు. పంక్చరు అయితే ఊడదీయడం పెద్ద ప్రయాస. 1890లో వెల్చ్, బార్ట్‌లెట్ అనే ఇద్దరు వేర్వేరుగా ఊడదీసి తొడగగల టైర్లు కనిపెట్టారు. డ్యూ క్రాస్ ఆ హక్కులు సంపాదించి కంపెనీని నిలబెట్టారు. వుడ్స్ అనే ఆయన చేసిన వాల్వు నేటికీ మన సైకిళ్ళకు ఉంది. సైకిలు షాపులో మనం కొనే సన్నని వాల్వు ట్యూబు దాని మీదికే ఎక్కుతుంది. ఒక్కరి పేరుతో పిలిచే టైరు వెనుక ఇంతమంది చేతులు ఉన్నాయి.

పాత బ్రేకు పనికిరాలేదు

ఇప్పుడు బ్రేకు సంగతి చూద్దాం. గట్టి రబ్బరు చక్రాల కాలంలో సైకిలు బ్రేకు చాలా మోటుగా ఉండేది. హ్యాండిలు దగ్గర లీవరు నొక్కితే గరిటె వంటి రేకు ఒకటి దిగి, ముందు టైరు నెత్తిన ఒత్తుకునేది. గట్టి రబ్బరుకు అది సరిపోయింది. గాలి టైరు వచ్చాక ఆ రేకు టైరునే అరగదీయడం మొదలుపెట్టింది. పైగా సైకిలు వేగం పెరిగింది. ఆపవలసిన బలమూ పెరిగింది. అందుచేత 1890లలో బ్రేకును టైరు మీద నుంచి తీసి రిమ్ము మీదికి మార్చారు. మరికొందరు వెనుక హబ్బులోనే బ్రేకు పెట్టారు. మన సైకిలుకు రిమ్మును పట్టుకునే రెండు బ్రేకు రబ్బర్లు అలా వచ్చినవే.

మోటారు కార్ల కథ కూడా అంతే. 1895లో ఫ్రాన్సుకు చెందిన మిష్లిన్ సోదరులు గాలి టైర్లు తొడిగిన కారును పారిస్ నుంచి బోర్డోకు, తిరిగి పారిస్‌కు జరిగిన పందెంలో నడిపారు. కార్ల వేగం పెరిగేకొద్దీ పాత బ్రేకులు చాలక 1902లో లూయీ రెనో డ్రమ్ము బ్రేకును ముందుకు తెచ్చారు. అదే ఏడాది ఇంగ్లండులో లాంచెస్టర్ డిస్కు బ్రేకుకు పేటెంటు తీసుకున్నారు. చాలాకాలం కార్లకు వెనుక చక్రాలకే బ్రేకు ఉండేది. నాలుగు చక్రాలకూ బ్రేకు పెట్టడం, నూనె ఒత్తిడితో బ్రేకు పట్టించడం 1920లలో వ్యాపించాయి. నేడు మన మెకానిక్ అన్నలు బ్రేక్ ఆయిల్, మాస్టర్ సిలిండర్ అంటున్నది ఆ పద్ధతినే.

కంపెనీ పెరిగింది, ఆయన తప్పుకున్నారు

డ్యూ క్రాస్ ఆలోచనలు వేరు, డన్లప్ ఆలోచనలు వేరు. వారికి పొసగలేదు. 1896 నాటికి డన్లప్ టైర్ల వ్యాపారం నుంచి పూర్తిగా తప్పుకున్నారు. ఆ సంవత్సరమే డ్యూ క్రాస్ ఆ కంపెనీని హూలీ అనే వ్యాపారికి 30 లక్షల పౌండ్లకు అమ్మారు. అంత సొమ్ములో కనిపెట్టిన వ్యక్తికి దక్కింది చాలా తక్కువ. ఆ తర్వాత డన్లప్ డబ్లిన్‌లో ఒక బట్టల దుకాణంలో వాటాతో నిరాడంబరంగా జీవించారు. కంపెనీ మాత్రం ఆయన పేరునే పెట్టుకుని, ఆయన గడ్డం ముఖాన్ని గుర్తుగా వేసుకుని లోకమంతా పాకింది.

ఇంకొక మాట కూడా చెప్పాలి. టైర్లకు గిరాకీ పెరిగినకొద్దీ రబ్బరు పాలకు గిరాకీ పెరిగింది. ఆఫ్రికాలోని కాంగోలో బెల్జియం రాజు రెండవ లియోపోల్డు మనుషులు అక్కడి పల్లెవాసులను అడవుల్లోకి తరిమి బలవంతంగా రబ్బరు తీయించారు. చెప్పినంత తేకపోతే కొట్టారు, చంపారు. 1904లో రోజర్ కేస్‌మెంట్ అనే అధికారి ఇచ్చిన నివేదికతో ఆ ఘోరం బయటపడింది. 1908లో కాంగోను రాజు చేతుల్లో నుంచి తప్పించారు. ఈ పాపం డన్లప్ చేసింది కాదు. కానీ గుర్రం మెడ మీద తగ్గిన భారం మరెవరి మెడ మీద పడిందో తెలుసుకోకుండా టైరు కథ చదివితే అది సగం కథే అవుతుంది. తరతరాలుగా ఇతరుల భారం మోసిన కుటుంబాల నుంచి వచ్చిన మనం ఈ సగాన్ని వదిలిపెట్టకూడదు.

1921 అక్టోబరు 23న డన్లప్ డబ్లిన్‌లోని తన ఇంట్లో కన్నుమూశారు. డీన్స్‌గ్రేంజ్ శ్మశానవాటికలో ఆయన సమాధి ఉంది. తర్వాతి కాలంలో ఉత్తర ఐర్లండులోని ఒక బ్యాంకు తన 10 పౌండ్ల నోటు మీద ఆయన బొమ్మను ముద్రించింది.

పేరు బ్రేకుకూ అంటింది

ఆయన పోయాక కూడా టైరు మారుతూనే ఉంది. 1930లకు ముందు ట్రాక్టర్లకు ముళ్ళున్న ఇనుప చక్రాలు ఉండేవి. 1932 ప్రాంతంలో అమెరికాలో ట్రాక్టర్లకు విమానపు టైర్లు తగిలించి తక్కువ గాలితో దుక్కి దున్ని చూశారు. ఇనుప చక్రం కంటే ఎంతో మెరుగని తేలింది. పొలంలో దిగబడని పెద్ద టైరు అలా రైతుకు అందింది. 1936లో మన దేశంలో బెంగాల్ రాష్ట్రం హుగ్లీ జిల్లా సహగంజ్‌లో డన్లప్ టైర్ల ఫ్యాక్టరీ మొదలైంది. ఎన్నో దశాబ్దాలు వేలమందికి అన్నం పెట్టి, ఆ ఫ్యాక్టరీ తర్వాత మూతపడింది.

టైర్ల కంపెనీయే చివరికి బ్రేకులు కూడా చేయవలసి రావడం విచిత్రం. డన్లప్ కంపెనీ ఇంజనీర్లు విమానాల కోసం చేసిన డిస్కు బ్రేకులను కార్లకు అనువుగా మార్చారు. 1953లో ఫ్రాన్సులోని లె మాన్ 24 గంటల పందెంలో ఆ బ్రేకులున్న జాగ్వార్ కారు గెలిచింది. గంటకు 100 మైళ్ళు మించిన సగటు వేగంతో ఆ పందెం గెలవడం అదే మొదటిసారి. ఆ కారు గెలుపుకు ఇంజనుతోపాటు బ్రేకు కూడా కారణం. మలుపు దగ్గర ఆలస్యంగా బ్రేకు వేసినా ఆగుతుందన్న ధైర్యం ఉన్నవాడే వేగంగా పోగలడు. చక్రం బిగుసుకుపోయి జారకుండా చూసే పరికరాన్ని కూడా ఆ కంపెనీ మొదట విమానాలకే చేసింది. 1966లో జెన్సన్ అనే కారుకు అది వచ్చింది. ఆ కారుకు నాలుగు చక్రాలూ లాగే ఏర్పాటు కూడా ఉంది. నేడు మనం ఏబీఎస్ అంటున్న దానికి అది పెద్దన్న వంటిది.

మన బండ్లకు ఈ కథ చెప్పేది

కోనసీమలో కొండలు లేవు కదా, బ్రేకుతో అంత పని ఏముంది అని కొందరు అనుకుంటారు. కానీ మనకు ఏటిగట్టు ఉంది. రేవుకు దిగే దారి ఉంది. కాలువ వంతెనల ఏటవాలు ఉంది. ఇనుప పట్టా బండి గట్టు దిగేటప్పుడు నేలే దాన్ని సగం ఆపేది. టైరు బండి అలా కాదు. బరువంతా కాడి మీదుగా ఎడ్ల మెడల మీదికి తోసుకువస్తుంది. భారం మాయం కాదు, చోటు మారుతుంది. పికప్ బండికీ ఇదే న్యాయం.

మేము తరగతిలో నేర్చుకున్న లెక్కతో చూద్దాం. ఒక పికప్ టైరు మొత్తం ఎత్తు 70 సెంటీమీటర్లు అనుకుందాం. దాని బదులు 80 సెంటీమీటర్ల టైరు వేశాం. చక్రం మధ్య నుంచి నేలకు దూరం 35 నుంచి 40 అయింది. బ్రేకు డ్రమ్ము మాత్రం పాతదే, పట్టే బలమూ పాతదే. చేయి పొడుగైన చోట పట్టు తగ్గుతుంది కనుక నేల దగ్గర బండిని ఆపే బలం ఎనిమిదింట ఏడు వంతులే మిగులుతుంది. ఇక మీటరు చూద్దాం. పెద్ద చక్రం ఒక్క చుట్టులో ఎక్కువ దూరం పోతుంది. మీటరు 60 చూపిస్తుంటే బండి నిజానికి 68, 69 కిలోమీటర్ల వేగంతో పోతూ ఉంటుంది. వేగం అంత పెరిగితే ఆపవలసిన శక్తి దాదాపు 30 శాతం పెరుగుతుంది. ఈ రెండూ కలిస్తే, మీటరులో అదే 60 చూసి అదే బలంతో బ్రేకు తొక్కిన డ్రైవరుకు బండి ఆగే దూరం సుమారు ఒకటిన్నర రెట్లు అవుతుంది. టైరు బరువు పెరగడం వల్ల వచ్చే భారం ఇంకా దీనికి అదనం.

ఈ లెక్క కాగితం మీద చిన్నదే. మన హాస్టలులో చదివి వెళ్ళిన ఒక అన్న లంకలోని తోటల నుంచి కాయలు తోలడానికి తన పాత బండికి పెద్ద టైర్లు వేయించుకున్నాడు. ఇసుకలో బండి చక్కగా నడిచింది. వానాకాలంలో ఒకరోజు నిండు లోడుతో నీళ్ళలోంచి వచ్చి గట్టు దిగుతుండగా బ్రేకు పట్టలేదు. బండి కొబ్బరి చెట్టుకు తగిలింది. కాలు విరిగి నెలల తరబడి మంచం మీద ఉన్నాడు. ఇంట్లో సంపాదించేది ఆయన ఒక్కడే. ఆ ఏడు ఆయన చెల్లెలి చదువు మధ్యలో ఆగింది.

అందుచేత అన్నలతో, నాన్నలతో ఈ మాటలు చెప్పమని మిత్రులను కోరుతున్నాము.

బురద కోసం, ఇసుక కోసం అయితే ముందు కంపెనీ కొలతలోనే గట్టి పళ్ళున్న టైరు చూడాలి. మెత్తని ఇసుకలో టైరు గాలి కొంచెం తగ్గిస్తే నేలను ఎక్కువ మేర పట్టుకుంటుంది. రోడ్డెక్కాక మరచిపోకుండా మళ్ళీ నింపాలి, లేకపోతే టైరు వేడెక్కి పగులుతుంది.

కొలత మార్చాలంటే బ్రేకు కూడా దానికి తగినదై ఉండాలి. పెద్ద డిస్కు, మంచి ప్యాడ్లు, కొత్త లైనర్లు, సరైన బూస్టరు, తాజా బ్రేక్ ఆయిల్ అన్నీ కలిసి చూడవలసినవి. ఒక్క ప్యాడ్లు మార్చి సరిపెట్టుకుంటే చాలదు. ముందు చక్రాల బ్రేకు బాగా పెంచి వెనుకది వదిలేసినా బండి అదుపు తప్పుతుంది. పాత ఆయిల్ నీటి చెమ్మ పీల్చుకుంటుంది. వేడికి అందులో ఆవిరి బుడగలు పుడితే పెడల్ నేలకు పోతుంది.

కాజ్‌వే మీద నీళ్ళలోంచి వచ్చిన బండికి డ్రమ్ములు తడిసి బ్రేకు సరిగా పట్టదు. గట్టు దిగకముందే నెమ్మదిగా పోతూ రెండు మూడుసార్లు బ్రేకు తొక్కి ఆరబెట్టుకోవాలి. డ్రమ్ములో చేరిన ఇసుక లైనర్లను అరగదీస్తుంది కనుక విప్పి శుభ్రం చేయించాలి.

చట్టం మాట కూడా తెలుసుకోవాలి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ విషయాన్ని స్పష్టం చేసింది. ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్సు దగ్గర కూడా ఈ మార్పులు చిక్కులు తెస్తాయి. నష్టపోయేది మళ్ళీ పేద డ్రైవరే.

మనం నేర్చుకోవలసినది

డన్లప్ జీవితం నుంచి మేము గ్రహించినది ఇది. ఆయన పెద్ద చదువుల ఇంజనీరు కాదు. తన కొడుకు ఇబ్బందిని గమనించి, తన చేతికి తెలిసిన రబ్బరు పనితో దానికి మందు వెతికారు. చేతిపనిని, కంటి చూపును చిన్నచూపు చూడకూడదు. తోటలో కాయలు దింపే నాన్నకు తాడు సంగతి తెలిసినట్టు, బండి కింద పడుకుని నట్లు బిగించే అన్నకు ఇనుము సంగతి తెలుస్తుంది. ఆ తెలివికి చదువు తోడైతే కొత్త వస్తువు పుడుతుంది.

ఏ వస్తువూ ఒంటరిగా మారదు. చక్రం లావైతే ఫోర్కు వెడల్పు కావలసి వచ్చింది. వేగం పెరిగితే బ్రేకు చోటు మారవలసి వచ్చింది. ఈ వరుసలో ఏ ఒక్క మెట్టు వదిలేసినా దాని మూల్యం ఎవరో ఒకరు తమ ఒంటితో చెల్లిస్తారు.

మన హాస్టలు నుంచి ఐటీఐకి, పాలిటెక్నిక్కుకు వెళ్ళే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఈ సంవత్సరం కూడా ఉన్నారు. రేపు మీలో ఎవరో ఒకరు షెడ్డులో నిలబడి ఉండగా ఒక కుర్రవాడు వచ్చి తన బండికి పెద్ద టైర్లు వేయమని అడుగుతాడు. అప్పుడు ముందుగా బండి కిందికి వంగి బ్రేకు డ్రమ్ము చూడండి. ఆ తర్వాతే టైరు ధర చెప్పండి.